అప్‌డేట్: ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ తర్వాత తమ్ముడి ఫిజియోథెరపీ, 5 నెలలకి

వెన్నుపాము వాపుతో తమ్ముడి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయని, స్టెరాయిడ్ల కోర్సు అయ్యాక కూడా కదలిక రాలేదని, ఫిజియోథెరపీ వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని అప్పుడు అడిగాను కదా. ఉంది, చాలా ఉంది.

మొదటి 6 వారాలు ఏమీ కనిపించలేదు. కీళ్లు బిగుసుకుపోకుండా రోజూ మేమే కాళ్లు వంచి చాపేవాళ్లం, పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్కకి తిప్పేవాళ్లం. ఒకరోజు సాక్స్ తొడుగుతుంటే కుడి బొటనవేలు సన్నగా కదిలింది. నేను చూశానో లేదో అని వాడే మళ్లీ కదిపి చూపించాడు. ఏడుపు ఆగలేదు నాకు.

ఇప్పుడు రెండు పక్కలా కడ్డీలు పట్టుకుని, పాదం వేలాడకుండా చీలమండకి స్ప్లింట్ వేసుకుని 10 అడుగులు వేస్తున్నాడు. కండరాలు బిగుసుకోవడం మాత్రం ఇంకా ఉంది, సాగదీసే వ్యాయామాలు ఒక్కరోజు మానినా తెలిసిపోతుంది. ఒంట్లో వేడి పెరిగితే కాసేపు కాళ్లు బలహీనపడతాయట, అది తెలియక జబ్బు తిరగబెట్టిందేమోనని ఒకసారి చాలా టెన్షన్ పడ్డాం, ఒళ్లు చల్లబడ్డాక మామూలైపోయింది. మూత్రం సమస్య గురించి డాక్టర్‌ని అడగడానికి దయచేసి మొహమాటపడకండి, కాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నటి గొట్టం) టైముకి పెట్టుకోవడం నేర్చుకున్నాకే వాడికి ఇన్ఫెక్షన్లు తగ్గాయి.

ఎక్కువ మెరుగుదల మొదటి 3 నుంచి 6 నెలల్లో వస్తుందని, కొందరిలో 2 ఏళ్ల దాకా కూడా సాగుతుందని చెప్పారు. వచ్చే వారం నుంచి వాకర్‌తో నడిపిస్తారు.