వేర్‌హౌసింగ్ బాండ్ 33 లక్షలంటే బీజీ (బ్యాంక్ గ్యారంటీ) కూడా అంతకేనా?

కొత్త ఇంపోర్టర్: విశాఖ పోర్టులో దిగే మెషినరీ విడిభాగాలను హైదరాబాద్ దగ్గర బాండెడ్ గోడౌన్‌లో (డ్యూటీ తర్వాత కట్టేలా సరుకు దాచే కస్టమ్స్ గోడౌన్) పెట్టి, విడతలుగా విడిపించుకోవాలని ఉంది. అసెసబుల్ విలువ (డ్యూటీ లెక్కించే విలువ) 40 లక్షలు. సీహెచ్ఏ (కస్టమ్స్ ఏజెంట్) గారు 33 లక్షల పైచిలుకు బాండ్ అంటున్నారు. అంత డబ్బూ బ్యాంకులో ఇరుక్కుంటుందా?

ఎక్స్‌బాండ్: ఇరుక్కోదండీ. బేసిక్ డ్యూటీ 7.5% అనుకుంటే 3,00,000, దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 10% అంటే 30,000, ఈ రెండూ సరుకు విలువకు కలిపి దాని మీద ఐజీఎస్టీ (దిగుమతిపై జీఎస్టీ) 18% చొప్పున 7,79,400. మొత్తం డ్యూటీ 11,09,400. కస్టమ్స్ చట్టం సెక్షన్ 59 ప్రకారం బాండ్ దానికి మూడింతలు, అంటే 33,28,200. బాండ్ మీరు రాసిచ్చే పూచీ మాత్రమే. ఐజీఎస్టీని మరిచి లెక్కేస్తే బాండ్ చాలక బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం) ఆగిపోతుంది.

తరచూ తెప్పిస్తుంటే జనరల్ బాండ్ (పలు సరుకులకు కలిపి ఒకే బాండ్) నయం. కానీ 50 లక్షలకు రాస్తే ఈ సరుకుకే 33,28,200 డెబిట్ అయి 16,71,800 మిగులుతుంది, ఇంతే విలువైన రెండో కన్‌సైన్‌మెంట్ పట్టదు. ఎక్స్‌బాండ్ చేసిన (డ్యూటీ కట్టి సరుకు విడిపించిన) ప్రతిసారీ బాండ్‌లో ఆ మేరకు క్రెడిట్ తిరిగి పడిందో లేదో చూసుకోండి.

సీల్ నంబర్: పోర్టు నుంచి గోడౌన్‌కి వెళ్లే లారీకి వన్‌టైమ్ లాక్ (ఒక్కసారికే పనికొచ్చే సీలు) వేస్తారు. సరుకు చేరినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ నెలలోగా (లేదా పొడిగించిన గడువులోగా) అందించకపోతే డ్యూటీ మొత్తం కట్టమంటారు. లాక్ నంబర్‌కీ కాగితానికీ పొంతన లేకపోతే అక్కడే పేచీ మొదలు.

బీజీ డెస్క్: సెక్యూరిటీ (బీజీ లాంటి హామీ) 59(3) కింద వేరే సంగతి. అడిగితే ఎంతకో, ఎన్నాళ్లకో, ఏ నమూనాలోనో ముందు బాండ్ సెక్షన్ నుంచి తెలుసుకుని, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లండి. ఏఈవో (కస్టమ్స్ నమ్మకస్తులుగా గుర్తించిన వ్యాపారులు) టీ1 స్థాయికి మామూలుగా అడిగేదాంట్లో సగం, టీ2కి పావు వంతు సరిపోతుంది. బీజీని ధృవీకరిస్తూ బ్యాంకు పంపే ఎస్ఎఫ్ఎంఎస్ సందేశం తప్పు ఐఎఫ్ఎస్సీకి పోతే ఒరిజినల్ బీజీ చేతిలో ఉన్నా ఒప్పుకోరు. గడువు దగ్గరపడ్డా రెన్యువల్ ఇవ్వకపోతే కస్టమ్స్ బీజీని ఎన్‌క్యాష్ చేసుకుంటుంది.

కొత్త ఇంపోర్టర్: మరి సరుకు గోడౌన్‌లో ఎన్నాళ్లు ఉంచొచ్చు?

ఎక్స్‌బాండ్: మామూలు సరుకైతే ఏడాది, పొడిగింపు కమిషనర్ చేతిలో ఉంటుంది. 90 రోజులు దాటాక విడిపించే సరుకు డ్యూటీ మీద 15% వార్షిక వడ్డీ. డ్యూటీ రేటు ఎక్స్‌బాండ్ బిల్ వేసిన రోజుది, డాలర్ రేటు మాత్రం సరుకు గోడౌన్‌లో పెట్టడానికి వేసిన మొదటి ఇన్‌బాండ్ బిల్ నాటిదే. పాత డ్యూటీ రేటే పడుతుందనుకుని బడ్జెట్ ముందు నిల్వ పెట్టేవాళ్లు ఇక్కడే పొరబడతారు.