అమ్మానాన్నలకి అలాస్కా క్రూజ్: లగ్జరీ షిప్‌కి అంత డబ్బు పెట్టొచ్చా?

డాలస్ వాసి:
అందరికీ నమస్తే. వచ్చే జూన్‌లో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. నాన్నగారి షష్టిపూర్తి ఇక్కడే చేసి, తర్వాత ఇద్దరినీ అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్దామని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. ఏడు రాత్రులు. మామూలు పెద్ద షిప్‌లో బాల్కనీ రూమ్‌కి మనిషికి 2,000 డాలర్ల దాకా చెప్తున్నారు, రీజెంట్, సిల్వర్‌సీ లాంటి లగ్జరీ వాటిలో 7,000. నలుగురికీ కలిపి తేడా 20,000 డాలర్లు! డబ్బు లేక కాదు, ఇంటి డౌన్ పేమెంట్‌కని దాస్తున్నది. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి మమ్మల్ని చదివించారు, తనకోసం ఎప్పుడూ రూపాయి ఖర్చు పెట్టుకోలేదు, అందుకే ఈ ఒక్కసారి ఉన్నవాటిలో మంచిదే చూపించాలని నా ఆశ. ఇద్దరూ శాకాహారులు, మందు ముట్టరు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ఆ తేడాకి తగ్గట్టు నిజంగా ఏమైనా ఉంటుందా?

గోదారి గట్టు:
మీ విషయంలో అయితే వద్దనే చెప్తాను. ఆ 7,000లో ఏమేం కలిసున్నాయో చూడండి: ఎంత తాగితే అంత మందు, టిప్పులు, వైఫై, ఒడ్డు మీద తిప్పే టూర్లు చాలావరకు, పెద్ద రూమ్, తక్కువ జనం. మీ ఇంట్లో మందు లెక్కలోకే రాదు. టిప్పులు మామూలు షిప్‌లో మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్లు, అంటే నలుగురికి వారానికి 500 అటూ ఇటూ. టూర్లు మీకు నచ్చినవి విడిగా కొనుక్కున్నా ఇంకా బోలెడు మిగుల్తుంది.

పైగా అలాస్కాలో చూడాల్సింది బయట ఉంది. గ్లేసియర్ (నెమ్మదిగా జారే మంచు నది) చూడ్డానికి వెళ్ళే గ్లేసియర్ బే నేషనల్ పార్క్‌లోకి రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్పులనే వదుల్తారు, ఆ పర్మిట్లు ఎక్కువగా ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, నార్వేజియన్ లాంటి మామూలు క్రూజ్ కంపెనీల దగ్గరే ఉన్నాయి. పార్క్ రేంజర్లు షిప్ ఎక్కి మైకులో అన్నీ వివరిస్తారు, మంచుగోడ ముందు షిప్‌ని నెమ్మదిగా తిప్పుతారు కాబట్టి మీ బాల్కనీ ఏ వైపున్నా కనపడుతుంది. లగ్జరీ షిప్పులు చాలావరకు హబ్బర్డ్ గ్లేసియర్‌కి వెళ్తాయి. అదీ అద్భుతమే, కానీ ధర చూసే ముందు రూట్ చూడండి.

శాక్రమెంటో అమ్మాయి:
నేను ఒప్పుకోను. మా అత్తగారినీ మామగారినీ లగ్జరీ షిప్‌లోనే తీసుకెళ్ళాం, మళ్ళీ వెళ్ళినా అదే తీసుకుంటాను. మందు సంగతి వదిలేయండి, మన పెద్దవాళ్ళు ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చూస్తారు, కాఫీ ఇంతా అని కప్పు పక్కన పెట్టేస్తారు, బయట టూర్ ధర చూస్తే మేం రూమ్‌లోనే ఉంటాం మీరు వెళ్ళిరండి అంటారు. అన్నీ ముందే కట్టేసిన చోట ఆ బాధ లేదు, మా అత్తయ్య మొహమాటం లేకుండా అడిగి తినడం నేను మొదటిసారి చూశాను. ఇంకోటి, 700 మంది ఉన్న షిప్ వేరు, 4,000 మంది ఉన్న షిప్ వేరు. షిప్పులు ఆగే అలాస్కా రాజధాని జునోలో రద్దీ తట్టుకోలేకే రోజుకి ఐదు పెద్ద షిప్పులు మించకూడదని 2024 నుంచి పరిమితి పెట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఆ లైన్లలో ఎంతసేపని నిలబడతారు?

డాలస్ వాసి:
మా నాన్న అచ్చం అంతేనండీ, కాస్ట్‌కోలో కూడా రేటు చూసి పళ్ళు వెనక్కి పెట్టేస్తారు. ఇప్పుడు ఇంకా కన్ఫ్యూజన్‌గా ఉంది.

బెల్వ్యూ అన్న:
తమ్ముడూ, రేట్ల గొడవకి 20,000 అక్కర్లేదు. టిప్పులు, వైఫై, టూర్లు అన్నీ బుక్ చేసేటప్పుడే కట్టేసి, అన్నీ టికెట్‌లోనే వచ్చాయని నాన్నగారికి చెప్పు. బఫేలో టీ, కాఫీ, భోజనం ఎలాగూ ఫ్రీ. లైన్ల సంగతి ఆ చెల్లెమ్మ చెప్పింది నిజమే, అందుకే వీల్‌చెయిర్ సాయం ముందే అడిగి పెట్టుకో, అమ్మగారు నడవగలిగినా సరే. మిగిలిన దాంట్లో కొంత తీసి షిప్ ఆగే ఊరు స్కాగ్‌వేలో వైట్ పాస్ కొండ రైలు ఎక్కించు. 1898లో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు మొదలుపెట్టిన లైన్, 20 మైళ్ళలో దాదాపు 3,000 అడుగులు ఎక్కుతుంది, కూర్చున్న చోటు నుంచి కదలకుండా కొండలూ జలపాతాలూ చూడొచ్చు, ఆమెకి అంతకన్నా సుఖమైన టూర్ లేదు.

షిప్ కన్నా ముందు కెనడా వీసా చూసుకో. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగినా మధ్యలో కెనడాలోని విక్టోరియా లాంటి రేవులో ఆగుతుంది, ఎందుకంటే 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న షిప్ అలాంటి ట్రిప్‌లో వేరే దేశం రేవులో ఆగి తీరాలి. అక్కడ కిందికి దిగకపోయినా ఇండియన్ పాస్‌పోర్ట్‌కి కెనడా వీసా కావాలి, గ్రీన్ కార్డ్ ఉంటేనే మినహాయింపు. వీసా ఎలాగూ తీస్తున్నారు కాబట్టి కెనడాలోని వాంకోవర్ నుంచి బయల్దేరేది చూడు. సియాటిల్ షిప్పులు చాలావరకు వాంకోవర్ దీవికి పడమరగా సముద్రంలోకి వెళ్తాయి, అక్కడ ఊగుడు ఎక్కువ. వాంకోవర్‌వి దీవుల మధ్య నుంచి వెళ్తాయి, నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. రూమ్ కింది డెక్‌లో, షిప్ మధ్యలో తీసుకో.

వంటింటి కబుర్లు:
రైస్ కుక్కర్ మాత్రం పెట్టెలో పెట్టకండి, షిప్‌లోకి రానివ్వరు, ఇంట్లో వండిన భోజనం కూడా అంతే. సీల్ తీయని పచ్చడి ప్యాకెట్లు, పొడులు పర్వాలేదు. కిచెన్‌లో మనవాళ్ళు చాలామందే ఉంటారు, మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడి రేపటికి పప్పూ రొట్టే కావాలని చెప్తే చేసి పెడతారు. విజిటర్ ఇన్సూరెన్స్ షిప్ మీద పనికొస్తుందో లేదో పాలసీలో చదవండి, అక్కడ డాక్టర్ బిల్లు ముందు మీ రూమ్ అకౌంట్‌లోనే వేస్తారు, హెలికాప్టర్‌లో ఒడ్డుకి తేవాల్సొస్తే ఖర్చు చాలా పెద్దది. ఆ కవరేజ్ ఉన్నది తీసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.