వర్క్ రూములో టేబుల్ ఎటు తిప్పాలి? దిక్సూచి పూటకో అంకె చూపిస్తోంది

నీలిగోడ:
ఫ్లాట్‌లో ఒక గదిని ఆఫీసు పనికి ఫెంగ్ షుయ్ (చైనా వాస్తు) ప్రకారం సర్దాలి. తూర్పు పడమరలు 12 అడుగులు, ఉత్తర దక్షిణాలు 10. తలుపు పడమటి గోడకు ఉత్తరపు చివర, కిటికీ దక్షిణపు గోడకు. తూర్పు గోడకు 4 అడుగుల దూరంలో 9 అంగుళాల దూలం ఉత్తర దక్షిణాలుగా పోతోంది. టేబుల్ ఇప్పుడు కిటికీకి ఆనించి ఉంది.

మెయిన్ డోర్ ముఖం ఏ దిక్కుకు ఉందో ఫోన్ దిక్సూచితో చూస్తే ఓసారి 63, ఓసారి 66, ఇంకోసారి 72 డిగ్రీలు. సంపద స్థానం ఒక చార్టులో ఆగ్నేయం, మరో చార్టులో తలుపు దగ్గర నిలబడితే ఎదురుగా ఎడమచేతి చివరి మూల. 1990 జనవరిలో పుట్టాను, మగ. కువా అంకె (పుట్టిన ఏడాదిని బట్టి నప్పే దిక్కులు చెప్పేది) 1 వచ్చింది కనుక ఆగ్నేయం వైపు చూస్తూ కూర్చోవాలని అనుకుంటున్నాను. గది ఇంటికి పడమటి భాగంలో ఉంది. పడమటి గోడకు ఎరుపు వేసి, చిన్న ఫౌంటెన్ పెట్టవచ్చా?

సూదిమొన:
ముందు ఆ అంకె తేల్చుకోండి. ఎనిమిది దిక్కులకు ఒక్కోదానికి 45 డిగ్రీలు, ఈశాన్యం 67.5 దగ్గర అయిపోయి తూర్పు మొదలవుతుంది. మీ రీడింగులు సరిగ్గా ఆ గీతకు అటూ ఇటూ ఉన్నాయి. లువోపాన్‌లో, అంటే ఫెంగ్ షుయ్ దిక్సూచిలో, ఒక్కో దిక్కు మళ్లీ మూడు భాగాలు, 15 డిగ్రీల చొప్పున మొత్తం 24. అక్కడ 5 డిగ్రీల తప్పు కూడా చిన్నది కాదు.

సూదిని పక్కకు లాగేవి ఇనుప గ్రిల్, కాంక్రీటులోని చువ్వలు, లిఫ్టు, ఫోన్ కవరులోని అయస్కాంతం. ద్రవం నింపిన మామూలు దిక్సూచి తీసుకోండి. చెక్కపలక మీద పెట్టి, గుమ్మానికి ఎదురుగా బయటివైపు 3, 6, 9 అడుగుల దూరంలో నడుము ఎత్తున చూడండి. చివరి రెండూ 2 డిగ్రీల లోపు కలిస్తే అదే మీ అంకె, దగ్గరిది వదిలేయండి. సగటు మాత్రం తీయకండి. ఇనుము లాగిన తప్పు ఒకవైపుకే ఉంటుంది, సగటు తీసినంత మాత్రాన పోదు. ఫోన్‌తోనే చూడాల్సి వస్తే అందులో ‘ట్రూ నార్త్’ (భౌగోళిక ఉత్తరం) ఆపేయండి. లువోపాన్ సూది చూపేది అయస్కాంత ఉత్తరాన్నే.

రెండు చార్టులూ రెండు వేర్వేరు సంప్రదాయాలవి. తలుపు నుంచి లెక్కించేది బ్లాక్ హ్యాట్ పద్ధతి, లిన్ యున్ అనే గురువు అమెరికాలో ప్రచారంలోకి తెచ్చింది. ఆగ్నేయం అనేది దిక్సూచి సంప్రదాయం. ఏదో ఒకటి పట్టుకోండి. కలిపితే ఒకే మూలకు రెండు పేర్లొచ్చి అక్కడ పెట్టే వస్తువులూ ఒకదానికొకటి విరుద్ధమవుతాయి.

కొలతబద్ద:
కువాలో పొరపాటు పడ్డారు. ఈ లెక్కలో సంవత్సరం ఫిబ్రవరి 4 ప్రాంతంలో మారుతుంది. జనవరి పుట్టుక కనుక మీది 1989. చివరి రెండు అంకెలు కలిపితే 8+9=17, 1+7=8. 2000కి ముందు పుట్టిన మగవారికి 10లోంచి తీసేస్తే 2. (ఆడవారికి 5 కలపాలి. 2000 నుంచి మగవారికి 9లోంచి తీసివేత, ఆడవారికి 6 కలపడం.) 1 తూర్పు వర్గం, 2 పడమటి వర్గం. అంటే మీరు ఎంచుకున్న ఆగ్నేయం మీకు కానిది. మీకు నప్పేవి ఈశాన్యం, పడమర, వాయవ్యం, నైరుతి.

అయినా దిక్కు కన్నా ముందు చూడాల్సింది కూర్చునే చోటు. ఇప్పుడు తలుపు మీ వెనక ఉంది, కిటికీ వెలుతురు నేరుగా కళ్లలో కొడుతుంది. తూర్పు గోడకు వీపు పెట్టి, పడమటి గోడను చూస్తూ, దక్షిణపు సగంలో కూర్చోండి. తలుపు కుడివైపు ఐమూలగా కనిపిస్తుంది, కానీ దానికి తిన్నగా ఎదురు ఉండరు. వెలుతురు ఎడమ పక్క నుంచి వస్తుంది, స్క్రీన్ మెరవదు. గోడకీ టేబులుకీ మధ్య 3 అడుగులే వదలండి. తల గోడకు 2 అడుగుల దగ్గర ఉంటుంది, దూలం టేబుల్ మీదికి పోతుంది. ఎక్కువ వదిలారంటే దూలం నెత్తిమీదే, ఫెంగ్ షుయ్‌లో అది మంచిది కాదంటారు.

వెదురుతడిక:
ఎరుపు వద్దు. ఫెంగ్ షుయ్ అయిదు మూలకాల (కలప, అగ్ని, భూమి, లోహం, నీరు) లెక్కలో పడమర లోహం, ఎరుపు అగ్ని. అగ్ని లోహాన్ని కరిగిస్తుంది. పైగా ఇప్పుడు చెప్పిన చోట కూర్చుంటే రోజంతా ఆ గోడే ఎదురుగా. తెలుపు, లేత బూడిద, లేదా లోహాన్ని పుట్టించే భూమి రంగులైన మీగడ తెలుపు, లేత పసుపు వేయండి. 2024 ఫిబ్రవరి నుంచి ఫెంగ్ షుయ్ లెక్కలో 20 ఏళ్ల తొమ్మిదో కాలం నడుస్తోంది, అది అగ్ని కనుక ఇల్లంతా ఎరుపు వేయమనే సలహా బాగా తిరుగుతోంది. అది సరికాదు. ఆ కాలానికి గుర్తైన తొమ్మిదో నక్షత్రం (చార్టులోని 9 అంకె) మీ ఇంట్లో ఏ భాగంలో పడిందో ఇంటి ముఖం, కాలం చూసి గీసిన చార్టే చెప్పాలి.

లోహం నీటిని పుట్టిస్తూ నీరసిస్తుంది, కాబట్టి ఫౌంటెన్ కూడా ఈ గదిలో వద్దు. తూర్పులోనో ఆగ్నేయంలోనో పెడితే ఆ దిక్కుల మూలకమైన కలపకు బలం. ఎక్కడ పెట్టినా వారానికోసారి నీళ్లు మార్చాలి. పాచిపట్టి నిలిచిన నీటి కన్నా ఫౌంటెన్ లేకపోవడమే మేలు.

దూలానికి వెదురు పిల్లనగ్రోవులు కట్టమంటారు. నా ఉద్దేశంలో దాని అడుగుకు సమంగా ఫాల్స్ సీలింగ్ వేయడమే అసలైన పరిష్కారం.

నీలిగోడ:
6 అడుగుల దగ్గరా, 9 అడుగుల దగ్గరా 71 వచ్చింది. టేబుల్ గది మధ్యకొస్తే వైర్లు కాళ్లకు అడ్డం. గోడకు ఆనించక తప్పదేమో?

కొలతబద్ద:
71 అంటే మెయిన్ డోర్ ముఖం తూర్పే. గది గోడలు దానికి సమాంతరం కనుక పడమటి గోడను చూస్తే మీ చూపు 251, అంటే పడమర. కువా 2కి అది ఆరోగ్య దిక్కు. టేబుల్ దక్షిణపు చివరను కిటికీ గోడకు తగిలించండి. వైర్లు ఆ గోడ వెంట, టేబుల్ కింద బిగించిన ట్రేలోంచి పోతాయి. ఇప్పటిలా కిటికీకి ఎదురుగానే కూర్చోవాల్సి వస్తే మాత్రం వెనకనున్న తలుపు కనిపించేలా 3 అంగుళాల కుంభాకార అద్దాన్ని మానిటర్ అంచుకు అతికించండి.