పోయినవారిని చేయి పట్టుకుని తీసుకువెళ్ళేవారు మన సంప్రదాయంలో ఎవరు?

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న:

మూడు వారాల క్రితం మా నానమ్మ 88వ ఏట కాలం చేశారు. పదకొండో రోజున పురోహితులు మా నాన్నగారి చేత వైతరణీ గోదానం చేయించారు. ఆవు దొరకనందున దానికి ప్రత్యామ్నాయంగా ఒక కొబ్బరికాయకు పసుపు, కుంకుమ పెట్టి, దక్షిణతో కలిపి నీళ్ళు వదిలించారు. డల్లాస్‌లో పుట్టి పెరిగిన మా అమ్మాయికి పదకొండేళ్ళు. నా పక్కనే కూర్చుని ఆ తంతు అంతా చూసి, "తాతమ్మను ఇప్పుడు ఎవరు తీసుకువెళ్తున్నారమ్మా?" అని అడిగింది.

యమభటులు అనబోయి ఆగిపోయాను. మెడకు పాశం వేసి ఈడ్చుకుపోయే భటుల చేతికి, జీవితమంతా ఎవరినీ పల్లెత్తు మాట అనని మా నానమ్మను అప్పగించడానికి నాకు నోరు రాలేదు. నేను తటపటాయిస్తుంటే, "గ్రీకు కథల్లో హెర్మీస్ వస్తాడు కదా, మనకు అలాంటివాళ్ళు లేరా?" అని అదే మళ్ళీ అడిగింది.

ఆ రాత్రి గ్రీకు కావ్యం ఒడిస్సీ 24వ సర్గ తెరిచి చూశాను. హెర్మీస్ చేతిలో బంగారు దండం పట్టుకుని ముందు నడుస్తాడు. చనిపోయినవారి ఆత్మలు గబ్బిలాలలాగా కీచుమంటూ అతని వెనక వెళ్తాయి. సముద్ర ప్రవాహాన్ని, తెల్లని బండను, సూర్యద్వారాలను, కలల దేశాన్ని దాటించి వారిని ఒక పూలబయలుకు చేరుస్తాడు. అతను పాపపుణ్యాలు అడగడు, శిక్ష వేయడు, దారి చూపడం ఒక్కటే అతని పని. మన గ్రంథాలలోగాని ఆచారాలలోగాని అటువంటి తోడు ఎవరైనా ఉన్నారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

వేదపాఠి సమాధానం:

మీ నానమ్మగారికి నా నమస్కారాలు. మీ అమ్మాయి అడిగినదానికి మన దగ్గర చాలా పాత సమాధానమే ఉంది. యమలోకం అనగానే మనకు న్యాయస్థానమే గుర్తుకువస్తుంది గనుక దానిని మరిచిపోయాం.

ఋగ్వేదం పదో మండలంలోని 14వ సూక్తం చూడండి. అక్కడ యముడు తీర్పరిగా కనిపించడు, "యమో నో గాతుం ప్రథమో వివేద" అంటే మనకోసం మొదట దారి కనుక్కున్నవాడుగా కనిపిస్తాడు. మనకంటే ముందు ఆ దారిన వెళ్ళి, వెనక వచ్చేవారు నిలవడానికి చోటు చూసి పెట్టినవాడు. ఆ సూక్తంలో పాశం లేదు, చిట్టా లేదు, చిత్రగుప్తుడు లేడు. "ప్రేహి ప్రేహి పథిభిః పూర్వ్యేభిః" అని అది పోయినవారితోనే నేరుగా మాట్లాడుతుంది. వెళ్ళు, వెళ్ళు, మన పెద్దలు వెళ్ళిన పాత దారులలోనే వెళ్ళు అని, ఊరికి బయలుదేరినవారికి గుమ్మంలో నిలబడి దారి చెప్పినట్టుగా ఉంటుంది ఆ మంత్రం.

ఆ దారిలో రెండు కుక్కలు ఉంటాయి. అవి దేవతల ఆడకుక్క అయిన సరమ పిల్లలు, ఒక్కొక్కదానికి నాలుగు కళ్ళు, వెడల్పైన ముక్కులు. వాటిని పక్కనుంచి మంచి దారిలో దాటిపొమ్మని ఒక మంత్రం హెచ్చరిస్తే, దారిని కాపాడే ఆ రెండింటికే ఇతనిని అప్పగించమని తరువాతి మంత్రం యముణ్ణి వేడుకుంటుంది. ఆ పైమంత్రంలో అవి యముని దూతలై మనుషుల మధ్య తిరుగుతుంటాయని ఉంది. అంటే యమదూతలు అన్న మాట వెనక అక్కడ ఉన్నది కోరమీసాల భటులు కారు, కుక్కలు. నాలుగు కళ్ళు అంటే ఏమిటో తెలియాలంటే పార్సీల ఆచారం చూడాలి. మృతదేహం దగ్గరకు కుక్కను తీసుకువచ్చి చూపించే 'సగ్‌దీద్' అనే తంతు వారిలో ఉంది. అందుకు తగినదిగా వారి గ్రంథం చెప్పే 'నాలుగు కళ్ళ కుక్క'ను కళ్ళపైన రెండు మచ్చలున్న కుక్కగా అర్థం చేసుకుంటారు. అటువంటి కుక్కలు మన వీధుల్లోనూ కనబడతాయి.

మీరు అడిగిన తోడు మాత్రం 17వ సూక్తంలో ఉన్నాడు. ఆయన పూషుడు అనే వేదదేవత. పోయినవారిని ఇక్కడినుంచి కదిలించి పితృదేవతల దగ్గరకు చేర్చమని ఆయనను ప్రార్థిస్తూ, ఆ మంత్రం 'అనష్టపశుః' అనే విశేషణం వాడింది. ఒక్క పశువునైనా పోగొట్టుకోనివాడు అని అర్థం. సాయంత్రం చీకటి పడకముందే మందను లెక్క చూసుకుని ఇంటికి తోలుకువచ్చే కాపరి రూపం అది. నాకు హెర్మీస్ కంటే ఈయనే దగ్గరగా తోస్తాడు. ఈశావాస్యోపనిషత్తు చివరి మంత్రమైన "అగ్నే నయ సుపథా" కూడా ఇటువంటిదే. 'నయ' అంటే తీసుకువెళ్ళు అని. తలకొరివిని దహనంగా మాత్రమే చూడకుండా అగ్నికి అప్పగించడంగా చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సరమ పిల్లలైన సారమేయుల పేరు నుంచే హెర్మీస్ పేరు వచ్చిందని 19వ శతాబ్దంలో కొందరు ఐరోపా పండితులు వాదించారు. ఇప్పటికీ అది అక్కడక్కడా కనబడుతుంది గాని, నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ వ్యుత్పత్తిని ఒప్పుకోరు. అమ్మాయికి చెప్పేటప్పుడు దానిని మాత్రం విడిచిపెట్టండి.

పొలిమేర సమాధానం:

నేను చదువుకున్నది తక్కువ, చూసినది చెప్తాను. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మా నాయన పోయినప్పుడు పాడెకు ముందు నిప్పుకుండ పట్టుకుని మా అన్న నడిచాడు, అతనికి కొంచెం ముందు దాసరి తాత శంఖం, జేగంట పట్టుకుని నడిచాడు. ఆ వెనక డప్పులు. దాసరి తాత ప్రతి మలుపు దగ్గరా ఆగి, పాడె కనబడేదాకా వెనక్కి తిరిగి చూసి, అప్పుడు శంఖం ఊది మళ్ళీ కదిలేవాడు. మలుపు మలుపుకీ ఎందుకు ఊదుతున్నావని తరువాత నేను అడిగితే, "మీ నాయనకు తోవ తెల్వాలె గద సారూ" అన్నాడు. డప్పు చప్పుడులో ఊరికి తెలియడానికి ఊదుతున్నాడని నేను అనుకున్నాను, కాని ఆయన ఊదింది పాడె మీద ఉన్న మనిషికోసం.

సగం దారిలో దింపుడు కళ్ళం వస్తుంది. పాడెను నేల మీద దించి, దగ్గరివారు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఉంటే పలుకుతాడేమోనన్న ఆశ అది, 'దింపుడు కళ్ళం ఆశ' అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. నేను "నాయనా, నాయనా, నాయనా" అని పిలిచాను. చెవిలో పెట్టిన దూది తడిగా ఉంది. మూడో పిలుపు అయ్యాక దాసరి తాత ఒక్క నిమిషం ఆగి, నా భుజం మీద చేయి వేసి నన్ను పక్కకు తప్పించి శంఖం ఊదాడు. అప్పటిదాకా మేము వెనక్కి పిలుస్తున్నాం, ఆ శంఖం తరువాత ముందుకు పంపుతున్నాం. హెర్మీస్ చేతి బంగారు దండం సంగతి నాకు తెలియదు గాని, ఆ రోజు మా నాయనకు ముందు నడిచినవాడు దాసరి తాతేనని నేను నమ్ముతాను. ఇప్పుడు మా ఊళ్ళో వైకుంఠధామం కట్టారు, పక్క పట్నం నుంచి వైకుంఠ రథం కూడా వస్తుంది. శంఖం ఊదే ఇల్లు మాత్రం ఒక్కటే మిగిలింది.

దక్షిణ దిక్కు సమాధానం:

పై ఇద్దరూ చెప్పినది విలువైనది. అయితే మీ పురోహితులు చేయించిన వైతరణీ గోదానం గరుడ పురాణ పద్ధతికి చెందినది కాబట్టి అక్కడి లెక్క కూడా తెలుసుకోవాలి.

గరుడ పురాణం ప్రకారం యమపురికి దూరం 86,000 యోజనాలు. దారిలో సౌమ్యపురం మొదలుకొని బహుభీతి వరకు పదహారు పట్టణాలు ఉన్నాయి. ఆ నడక ఇంచుమించు ఏడాది పడుతుంది. వెంట ఉండేవారు యమభటులే, నిజమే, వారు తొందరపెడతారు, బెదిరిస్తారు. కాని దారి గడవడానికి కావలసినవన్నీ వెనక ఉన్నవారు పంపుతారు. మొదటి పది రోజుల పిండాలతో, తల మొదలుకొని ఒక్కొక్క అవయవంగా, నడవడానికి కావలసిన శరీరం ఏర్పడుతుంది. ఆ తరువాత ఊనమాసికం, నెలనెలా మాసికాలు. ఆ పట్టణాలలో ఆగినప్పుడు జీవుడు తినేది ఇక్కడ కొడుకు పెట్టిన ఆ పిండమే. నేను దీనిని చాలాకాలం పట్టించుకోలేదు. మా అమ్మగారికి మాసికాలు పెట్టిన ఏడాది, ఈ నెల ఏ ఊరు చేరి ఉంటుందో అని లెక్క వేసుకుంటూ ఉండేవాణ్ణి. క్యాలెండరులో తిథి పక్కన పెన్సిలుతో ఊరి పేరు రాసుకున్నాను. దుఃఖదపురం అని రాసిన నెల అన్నం సహించలేదు.

వైతరణి నూరు యోజనాల వెడల్పు ఉన్న నది. ఒడ్డున పడవవాళ్ళు ఉంటారు, ఆవును దానం చేశావా అన్నదే వారికి కావలసిన సంగతి. గ్రీకులు కేరన్ అనే పడవవాడి కోసం శవం నోటిలో నాణెం పెట్టేవారు. ఆ కూలి పోయినవారి నోటిలోనే వెళ్తుంది, మన దగ్గర బతికి ఉన్నవారు చేసిన దానం ముందే వెళ్ళి ఒడ్డున ఎదురుచూస్తుంది. ఆ నది పేరుకు గరుడ పురాణం చెప్పే అర్థం తెలుగువారికి చప్పున తెలుస్తుంది. దానమంటే వితరణ, వితరణ చేత దాటబడేది గనుక వైతరణి. వితరణశీలి అని మనం రోజూ వాడే మాటలో ఉన్నది అదే. కాబట్టి మీ నాన్నగారు నీళ్ళు వదిలిన ఆ కొబ్బరికాయే మీ నానమ్మగారికి అక్కడ ఆవు. ఆ ఆవు తోక పట్టుకుని ఆవిడ నది దాటుతారు. ఇక అమ్మాయి అడిగిన 'ఎవరు' అన్నదానికి, ఆవు అని చెప్పడంలో తప్పు లేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుకొస్తుంది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని మన సామెత, కాని పాతకాలపు మెక్సికోలో అజ్టెక్‌లు నమ్మినది సరిగ్గా అదే. పోయినవారు మిక్ట్లాన్ అనే లోకం చేరడానికి నాలుగేళ్ళు పడుతుంది, చివరి నదిని కుక్కే దాటిస్తుంది. 16వ శతాబ్దంలో స్పెయిన్ నుంచి అక్కడికి వెళ్ళిన సహగూన్ అనే సన్యాసి ఈ నమ్మకాన్ని నమోదు చేశాడు. తెల్ల కుక్క "ఇప్పుడే స్నానం చేశాను" అని, నల్ల కుక్క "ఇప్పుడే మసి పూసుకున్నాను" అని దాటించకుండా తప్పుకుంటాయట, పసుపు రంగు కుక్క మాత్రమే వీపు మీద మోసుకుపోతుందట. మీ అమ్మాయి 2017లో వచ్చిన 'కోకో' యానిమేషన్ చిత్రం చూసే ఉంటుంది. అందులో పిల్లవాడి వెంట మృతుల లోకానికి వెళ్ళే డాంటే అనే కుక్క, ఆ దేశపు 'షోలో' అనే జాతికి చెందినదే.

వెండితెర సమాధానం:

కృష్ణాతీరం గారికి యమభటులు అనడానికి నోరు రాకపోవడంలో మన సినిమాల పాత్ర కొంత ఉందని నా అభిప్రాయం. 1977లో 'యమగోల'లో కైకాల సత్యనారాయణ గారు యముడిగా, అల్లు రామలింగయ్య గారు చిత్రగుప్తుడిగా వేసిన తరువాత మన కళ్ళకు యమలోకమంటే ఆ సభే. నాకూ ఆ సభ ఎంతో ఇష్టం. కాని మన యముడి సినిమాలలో భూలోకం నుంచి యమలోకానికి సాధారణంగా ఒక్క దృశ్యంలో వెళ్ళిపోతారు. పైన చెప్పిన పదహారు ఊళ్ళు, నది, ఏడాది నడక వాటిలో కనబడవు. దారి లేనిచోట దారి చూపేవారికి పని ఉండదు, అందుకే మనకు భటులు, తీర్పు మాత్రమే మిగిలాయి.

కృష్ణాతీరం:

అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. పొలిమేర గారూ, మీరు రాసినది నేను చదువుతూ ఉంటే మా నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఒక సందేహం మిగిలింది. అజామిళుని కథలో విష్ణుదూతలు వస్తారు కదా, వారిని తోడుగా తీసుకువెళ్ళేవారు అనవచ్చునా?

వేదపాఠి:

అనవచ్చును, కాని వారు మొదటిసారి వచ్చినప్పుడు కాదు. పోతన భాగవతంగా మనం చదివే గ్రంథంలో ఆరో స్కంధాన్ని తెలుగు చేసినవారు ఏర్చూరి సింగన. అజామిళుడు కొడుకును "నారాయణా" అని పిలిచినప్పుడు వచ్చిన విష్ణుదూతలు యమభటులను అడ్డుకుంటారు, వాదిస్తారు, పాశం విడిపిస్తారు, అంతటితో కనబడకుండా పోతారు. అతను అప్పుడు చనిపోడు. అన్నీ విడిచి గంగాద్వారానికి వెళ్ళి, అక్కడ దేహం చాలించే వేళకు ఆ దూతలే మళ్ళీ ఎదుట నిలుస్తారు, బంగారు విమానంలో తీసుకువెళ్తారు. ఈ రెండో రాకను మనవాళ్ళు అంతగా చెప్పుకోరు. మీరు వెతుకుతున్నది అక్కడ ఉంది.

యముడే స్వయంగా వచ్చిన సందర్భమూ ఒకటి ఉంది. భారతం అరణ్యపర్వంలో సత్యవంతుని కోసం వచ్చినప్పుడు, ఇతను ధర్మాత్ముడు, నా భటులు తీసుకురాదగినవాడు కాడు, అందుకే నేనే వచ్చానని ఆయన సావిత్రితో అంటాడు. బొటనవేలంత పురుషుణ్ణి దేహం నుంచి బయటికి తీసి దక్షిణంగా నడుస్తాడు. మీ నానమ్మగారిని గురించి మీరు రాసినదాన్ని బట్టి, భటులు వచ్చారని నేనైతే అమ్మాయికి చెప్పను.

ఇంకొకటి. మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ముళ్ళు ఒకరి తరువాత ఒకరు పడిపోతే ధర్మరాజు వెంట చివరిదాకా నడిచినది ఒక కుక్క. దానిని విడిచి స్వర్గానికి రానని ఆయన పట్టుబట్టినప్పుడు అది ధర్ముడుగా, అంటే ఆయన తండ్రిగా నిజరూపం చూపుతుంది. యముడు, ధర్ముడు ఒక్కరేనని మన పెద్దలు చెప్పే మాట ప్రకారం, తన కొడుకును తీసుకువెళ్ళడానికి యముడు కుక్క రూపంలో దారి పొడవునా వెనకాలే నడిచాడన్నమాట.

కృష్ణాతీరం:

నిన్న రాత్రి అమ్మాయికి పూషుని గురించి, దాసరి తాత గురించి, ధర్మరాజు కుక్క గురించి చెప్పాను. మొత్తం విని, "ఆ కుక్కకు కూడా కళ్ళపైన మచ్చలు ఉన్నాయా?" అని అడిగింది. తిక్కన గారి మహాప్రస్థానిక పర్వం మా నాన్నగారి దగ్గర ఉంది, ఇద్దరూ కలిసి వెతుకుతున్నారు. వచ్చే వారం ఊనమాసికం. ఆ రోజు తాతమ్మ ఏ ఊరు చేరి ఉంటుందో లెక్క వేసి చెప్పమని నన్ను ఇప్పటికే అడిగింది. దక్షిణ దిక్కు గారూ, ఆ పదహారు ఊళ్ళ పేర్లూ వరుసగా రాసి పెట్టగలరా?