టెరెజీన్ సంగీతాన్ని ‘ధిక్కారం’ అనొచ్చా?

మంద్రస్థాయి:
ప్రాగ్‌కి ఉత్తరాన ఉన్న టెరెజీన్ అనే కోట ఊరిని నాజీలు 1941లో యూదుల ఘెట్టోగా, అంటే వాళ్లను బంధించి ఉంచే చోటుగా మార్చారు. అక్కడి ఖైదీల సంగీతం గురించి ఎక్కడ చదివినా ‘ధిక్కారం’ అనే మాటే. నాకది మింగుడుపడటం లేదు. కచేరీలకు అనుమతి ఇచ్చింది నాజీలే కదా. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ వాళ్లు వస్తే ఊరికి రంగులు వేసి, పిల్లలచేత ‘బ్రుందిబార్’ సంగీత నాటకం ఆడించి చూపించారు. ఊరు కిక్కిరిసి కనబడకూడదని అంతకుముందు నెలలోనే దాదాపు 7,500 మందిని ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి పంపేశారు. హంతకుడికి అక్కరకొచ్చిన పాట ధిక్కారం ఎలా అవుతుంది?

బృందగానం:
మీ కోపం న్యాయమైనదే అండీ, కానీ అది పాడినవాళ్ల మీదికి మళ్లుతోంది. అక్కడ ఖైదీగా ఉన్న సంగీతకారుడు రాఫాయెల్ షెక్టర్‌నే తీసుకోండి. చేతిలో ఒక్కటే స్వరలిపి పుస్తకం, నేలమాళిగలో ఒక పాత పియానో. అంతే. దాంతోనే వంద మందికి పైగా ఖైదీలకు ఇటలీ స్వరకర్త వెర్డి ‘రెక్వియెమ్’ని, అంటే చనిపోయినవాళ్ల కోసం చేసే క్యాథలిక్ ప్రార్థనా సంగీతాన్ని, లాటిన్‌లో కంఠతా నేర్పాడు. వాళ్లు పగలంతా చాకిరీ చేసి, అర్ధాకలితో వచ్చి కూర్చునేవాళ్లు. రైలొచ్చి గాయకులను తీసుకుపోతే, కొత్తవాళ్లను చేర్చుకుని మళ్లీ మొదటి నుంచి. యూదులు క్యాథలిక్ ప్రార్థన పాడటమేంటని ఘెట్టోలోని పెద్దలే అభ్యంతరపెట్టారు. అయినా పాడారు. తీర్పు రోజున ఏ పాపమూ శిక్ష తప్పించుకోదని అందులో ఉంది. నాజీల చెరలో నిలబడి ఆ మాట గొంతెత్తి పాడటాన్ని ఇంకేమంటారు?

గమకం:
ఒక్క మాట. ఆష్విట్జ్‌ని దీంతో కలపకండి. అక్కడ ఆల్మా రోజే నడిపిన మహిళల వాద్యబృందం, ఖైదీలు పనికి వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ మార్చ్‌లు వాయించాలి. వాయిస్తే ప్రాణం నిలుస్తుంది. చెల్లో వాయించిన అనీటా లాస్కర్ అలాగే బతికి బయటపడ్డారు. బతకడానికి వాయించారు అంటే చాలు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మంద్రస్థాయి:
షెక్టర్ విషయంలో ఒప్పుకుంటున్నాను. మరి అక్కడి ఖైదీ స్వరకర్త పావెల్ హాస్ సంగతో? ఆయన తీగవాద్యాల కోసం రాసిన ‘స్టడీ’ని నాజీల ప్రచార సినిమాలోనే వాయించారు. వాద్యకారులకు సరైన బూట్లు లేవని కెమెరాకు తెలియకుండా ముందు పూలకుండీలు పెట్టారు.

బృందగానం:
ఆ కుండీల వెనక ఏం వాయిస్తున్నారో కూడా వినండి. హాస్ పేరున్న చెక్ స్వరకర్త యానాచెక్ శిష్యుడు. అక్కడి ఇంకో స్వరకర్త విక్టర్ ఉల్మన్, ఆధునిక సంగీతంలో పేరున్న షోన్‌బెర్గ్ దగ్గర చదువుకున్నాడు. మృత్యువే సమ్మె కట్టి, ఇక ఎవరినీ చంపనంటే ఒక చక్రవర్తి పాట్లు ఏమిటన్నది ఆయన ఆపెరా. టెరెజీన్‌లో రిహార్సల్ దాకా వెళ్లింది గానీ ప్రదర్శన కాలేదు, 1975లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. సినిమా కోసం రాసింది కాదది. ధిక్కారమా కాదా అని మనం తూకం వేస్తూ, వాళ్లు గొప్ప స్వరకర్తలన్న సంగతే పక్కన పెడుతున్నాం. నా బాధంతా అదే.

1944 అక్టోబరు 16న ఒకే రైల్లో ఉల్మన్, హాస్, షెక్టర్, బ్రుందిబార్ రాసిన హాన్స్ క్రాసా, అందరినీ ఆష్విట్జ్‌కి తరలించారు. ‘స్టడీ’ వాయించిన బృందాన్ని నడిపించిన కారెల్ ఆన్చెర్ల్ కూడా వాళ్లలో ఉన్నాడు. భార్యనీ బిడ్డనీ అక్కడే పోగొట్టుకున్నాడు, తను బతికాడు. యుద్ధం అయ్యాక టెరెజీన్‌లో ఆ ‘స్టడీ’ కాగితాలు ఆయనకు దొరికాయి, ఒక్క డబుల్ బేస్ భాగం తప్ప. ఇప్పుడు మనం వినే డబుల్ బేస్ తర్వాతివాళ్లు పూరించినది.

మంద్రస్థాయి:
ఇది నాకు తెలియదండీ. సినిమాలో ఆ ముక్క చూశాను గానీ, సంగీతం మీద ధ్యాస పెట్టలేదు. ఈ రాత్రికి పూర్తిగా వింటాను.