తెలుగు వర్ణమాలలో అక్షరాలు 56 అనాలా, 52 అనాలా?

వెన్నెల_తల్లి
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. పోయిన శనివారం మా మండలంలోని బడులన్నింటికీ కలిపి సామాన్య విజ్ఞాన పోటీ పెట్టారు. అందులో "తెలుగు వర్ణమాలలో అక్షరాలు ఎన్ని?" అన్న ప్రశ్నకు అమ్మాయి 52 అని రాసింది. నిర్వాహకుల జవాబుల పత్రంలో 56 అని ఉండడంతో మార్కు ఇవ్వలేదు, ఆ ఒక్క మార్కు తేడాతోనే మొదటి బహుమతి చేజారింది. ఇంటికి వచ్చాక గోడకు వేలాడుతున్న అక్షరాల పటం ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. రెండుసార్లూ 52 వచ్చాయి. ఏది సరైన జవాబో తెలిసినవారు ఆధారంతో చెప్పగలరా?

గోదారి_గట్టు
56. చిన్నప్పటి నుంచీ మేము విన్నది అదే.

పాత_పలక
అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక వివరంగా చెబుతాను. అచ్చులు 16: అ మొదలు ఔ వరకు, ఋ ౠ ఌ ౡ నాలుగింటినీ కలుపుకొని. హల్లులు 37: క నుంచి మ వరకు 25, ఆపైన య ర ల వ శ ష స హ ళ తొమ్మిది, బండి ఱ ఒకటి, నాలుక పళ్లకు తగిలేలా పలికే దంత్యాలైన ౘ ౙ రెండు. వీటికి సున్న, అరసున్న, విసర్గ చేరితే మొత్తం 56. ఌ ౡ ౘ ౙ నాలుగింటినీ తీసేసి 52 అంటున్నారు. వాడుక తగ్గిందన్న కారణంతో అక్షరాన్ని లెక్కలోంచి తీసివేసే అధికారం ఎవరికి ఉందో నాకు తెలియదు. మీ అమ్మాయి బాధ నాకు అర్థమవుతోంది, కానీ జవాబుల పత్రంలో తప్పేమీ లేదు.

సీమ_పల్లె
మాస్టారు చెప్పిన లెక్క కూడిక వరకు సరైనదే. కానీ ఆ లెక్కలో ఉన్న అక్షరాలు తెలుగులో ఏం పని చేస్తున్నాయో ఆయన చెప్పలేదు. ఌ కోసం ఎంత వెతికినా "కౢప్తం" ఒక్కటే దొరుకుతుంది, దాన్నీ ఇప్పుడు అందరూ "క్లుప్తం" అనే రాస్తున్నారు. ౡకు సంస్కృతంలోనే వాడుక లేదు, హ్రస్వానికి జోడీ ఉండాలని పెట్టిన అక్షరం అది. ఇక ఱ సంగతికి వస్తే, ఈ వేదికలో ఉన్నవారిలో ఎవరైనా ఱతో రాయాలనే "గుర్రం" అన్నప్పుడు ఒక ర, "కర్పూరం" అన్నప్పుడు ఇంకొక ర పలుకుతున్నారా? నోట్లో లేని తేడాను చేతితో రాయమని పిల్లలను ఎందుకు బలవంతపెట్టాలి?

పాత_పలక
నోట్లో లేదు కనుక చేతిలో అక్కర్లేదంటే శ, ష, సల సంగతేమిటి? వాటినీ ఒక్కటి చేసేద్దామా? ర, ఱల తేడా వల్ల అర్థమే మారిపోయే మాటలు మనకు ఉన్నాయి. "ఊరు" అంటే గ్రామం, "ఊఱు" అంటే నీరు ఊరడం. ఊఱగాయ అన్న మాటలో ఉన్నది ఈ రెండోది, గ్రామానికీ దానికీ సంబంధం లేదు. "అర" అంటే సగం, "అఱ" అంటే గది. "ఏరు" అంటే నాగలి, "ఏఱు" అంటే నది. తమిళులు ఈ తేడాను ఈనాటికీ రాతలో నిలుపుకున్నారు, వారు ఊరుకు ఒక ర, ఊరగాయకు ఇంకొక ర రాస్తారు. అరసున్న కూడా అంతే. "ఏడు" అంటే 7, "ఏఁడు" అంటే సంవత్సరం. "వాఁడు" అంటే ఆ మనిషి, "వాడు" అంటే ఉపయోగించు.

సీమ_పల్లె
"మా ఊరిలో ఊరగాయ బాగుంటుంది" అని రాస్తే గ్రామం ఏదో, పచ్చడి ఏదో తెలియక ఇబ్బంది పడిన పాఠకుణ్ణి ఒక్కణ్ణి చూపించండి. సందర్భమే అర్థం చెబుతుంది. అందమైన అనే అర్థంలో "చారు" సంస్కృతం, అన్నంలో పోసుకునే "చారు" తెలుగు. మొదటిది అంగిలి నుంచి పలికే తాలవ్యం, రెండవది దంత్యం, పలకడంలో ఈ తేడా నిజంగానే మిగిలి ఉంది. అయినా చదువు రాని మా అవ్వ కూడా ఒకదాన్ని ఇంకొకటిగా పలికేది కాదు. ఆ తేడా నిలవడానికి ౘ అన్న అక్షరం అవసరపడలేదు.

కొత్తచూపు
1918లో రష్యన్లు కొన్ని అక్షరాలను తీసేశారు. స్పానిష్ అకాడమీలు 2010లో రెండు జంటాక్షరాలను వర్ణమాల లెక్కలోంచి తప్పించి 27 అన్నాయి. లోకంలో ఇది కొత్త సంగతి కాదు.

పాత_పలక
అక్కడ అకాడమీలు కూర్చుని, చర్చించి, ప్రకటించి తీసేశాయి. ఇక్కడ ఎవరు ప్రకటించారు? అచ్చు వేసేవారు ఒక పూట ఓపిక లేక వదిలేస్తే అది సంస్కరణ అవుతుందా?

అక్షరశిల్పి
అచ్చు వేసేవారి మాట వచ్చింది కనుక, ఆ పనిలో ఉన్నవాడిగా రెండు సంగతులు చెబుతాను. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలు ఇచ్చే యూనికోడ్ తెలుగులో ఱ మొదటి నుంచీ ఉంది. ౘ ౙలు మాత్రం 2008లో వచ్చిన 5.1 కూర్పులో చేరాయి. అంతకుముందు వాటిని యూనికోడ్‌లో సరిగా టైపు చేసే వీలే లేదు కనుక ఓపిక లేక వదిలేశారన్నది అన్నివేళలా న్యాయం కాదు.

రెండవది లెక్క గురించి. చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని చెప్పారు. సంస్కృత పదాలతో పాటు తెలుగులో వాడే మరో 19 అక్షరాలను వేరుగా పేర్కొన్నారు. రెండూ కలిపితే 55 అవుతాయి. ఆ 36లో ౘ ౙ ఉన్నాయి, అరసున్న ఉంది, ఱ మాత్రం లేదు. దాన్ని చేర్చుకుంటేనే 56 వస్తుంది.

సీమ_పల్లె
ఇది చాలు. మాస్టారు తలకెత్తుకుంటున్న ఱను వ్యాకరణకర్త తన లెక్కలోనే చేర్చలేదు.

పాత_పలక
తొందరపడకండి. ఆ సూత్రంలో "ముప్పదియాఱు" అన్న మాటనే సూరిగారు ఱతో రాశారు. వర్ణాల పట్టికలో వేరుగా చూపకపోయినా రాతలో దాన్ని తప్పకుండా పాటించారు. అంతకు ముందు నుంచీ కవులు ప్రాసస్థానంలో, అంటే పద్యపాదాల రెండో అక్షరం దగ్గర, ర, ఱలు కలవకుండా జాగ్రత్తపడిన సంప్రదాయం ఉంది. ఇంతమంది పాటించినదాన్ని మీరు ఒక్క మాటతో కొట్టిపారేయలేరు.

నా సొంత అనుభవం కూడా చెబుతాను. మా తాతగారి 1931 నాటి దస్తావేజులో పొలం హద్దు "చెఱువు" అని ఉంది, ఊరి పేరులోనూ ఱ ఉంది. కంప్యూటరులోకి ఎక్కించినవారు కొన్నిచోట్ల ఱ, కొన్నిచోట్ల ర కొట్టారు. కాగితంలో ఉన్నట్టు వెతికితే ఆ పొలం లేదని వచ్చేది. మూడు నెలలు తిరిగాను. ఆ గుమాస్తా ఱను చూసి "ఇదేం అక్షరమండీ" అని నన్నే అడిగాడు. తన తాతలు రాసిన అక్షరాన్ని గుర్తుపట్టలేని తరాన్ని తయారుచేసుకున్నామని ఆ రోజు నాకు కన్నీళ్లు వచ్చాయి.

సీమ_పల్లె
మీరు పడిన శ్రమకు నేను నిజంగా బాధపడుతున్నాను. కానీ ఒకే ధ్వనికి రెండు అక్షరాలు ఉండబట్టే కదా ఆ వెతుకులాట విఫలమైంది? ఒక్క ర మాత్రమే ఉంటే పొలం మొదటి రోజే దొరికేది.

పాత_పలక
గుమాస్తాకు అక్షరం నేర్పి ఉంటే దొరికేది!

డాలస్_తెలుగు
నేను ఇక్కడ వారాంతాల్లో పిల్లలకు తెలుగు నేర్పుతాను. పటంలో ఱ దగ్గర ఱంపం బొమ్మ ఉంటుంది. పిల్లలు ఆ మాటను ఇంట్లో వినలేదు, ఆ వస్తువును చూడలేదు, మిగతా పాఠాల్లో ఆ అక్షరం మళ్లీ కనిపించదు. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె "దీనితో నేను ఏం రాయాలి?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. వారానికి రెండు గంటలే దొరికే చోట ఈ ప్రశ్న చిన్నది కాదు.

గోదారి_గట్టు
రంపాన్ని ఱతో రాస్తారని నాకు ఇవాళే తెలిసింది.

పాత_పలక
గోదారి_గట్టు గారూ, 56 అని మీరే మొదట అన్నారు. ఆ 56లో ఒకటి ఎక్కడ వాడాలో తెలియకుండానే అన్నారన్నమాట. నేను ఇన్నాళ్లుగా చెబుతున్నది ఇదే. ఈ నిర్లక్ష్యానికి సీమ_పల్లె గారి లాంటివారు సిద్ధాంతం కట్టి, నేర్చుకోలేనివారి అశక్తతకు సంస్కరణ అని పేరు పెడుతున్నారు.

సీమ_పల్లె
"నేర్చుకోలేనివారి అశక్తత" అన్నారు కనుక, ఇంతవరకు చెప్పకుండా ఆపుకున్నది చెబుతాను.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు నల్లబల్ల మీద "గుర్రం" అని మామూలు రతో రాశాను. మా అయ్యవారు నా చేతిని బోర్లించి బెత్తంతో వేళ్ల కణుపుల మీద కొట్టారు. అంతకంటే ఎక్కువగా గుర్తున్నది ఆయన మాట: "ఇళ్లలో అక్షరం ముక్క లేనివాళ్లకు ఇవి ఎక్కడ అబ్బుతాయి" అన్నారు. మా ఇంట్లో నిజంగానే అక్షరం ముక్క లేదు. మా నాయన వేలిముద్ర వేసేవాడు. తరగతిలో ఱ తప్పు రాసినవాళ్లం పదకొండు మందిమి ఉంటే, దెబ్బలు తిన్నది మేము నలుగురం. ఆ నలుగురూ ఏ వీధి పిల్లలో నేను ఇక్కడ రాయనవసరం లేదు.

ఱకు ధ్వని లేదు కనుక దాన్ని విని నేర్చుకోవడానికి వీలు లేదు. ఇంట్లో పాత పుస్తకాలు ఉన్న పిల్లవాడు చూసి కంఠస్థం చేస్తాడు. పుస్తకం లేని ఇంటి పిల్లవాడు ప్రతిసారీ తప్పు రాస్తాడు. ఆ అక్షరం మా ఊళ్లో చేసిన పని ఎవరిది ఏ ఇల్లో బయటపెట్టడమే. నా అభ్యంతరం అక్షరం ఆకారం మీద కాదు, దాన్ని పట్టుకుని తప్పు పట్టడం మీద. ఈ చర్చ మొదలైంది కూడా ఒక పిల్లకు మార్కు తీసేసినందువల్లే అన్న సంగతి మరిచిపోకండి.

డాలస్_తెలుగు
ఇది రాసినందుకు కృతజ్ఞతలు.

పాత_పలక
నిన్న రాత్రి చదివి, జవాబు రాయకుండా ఊరుకున్నాను. మీ అయ్యవారు చేసినది తప్పు, ఆ మాట అనడం దెబ్బ కంటే పెద్ద తప్పు. నేను పిల్లలను కొట్టలేదు. కానీ శకటరేఫ, అంటే బండి ఱ, ఉన్న పదాల పట్టిక ఇచ్చి, తప్పు రాసినవారి చేత యాభైసార్లు రాయించిన రోజులు ఉన్నాయి. ఎవరు ఎక్కువసార్లు రాశారో, వారి ఇళ్లలో ఏ పుస్తకాలు ఉండేవో నేను ఎన్నడూ ఆలోచించలేదు. "అశక్తత" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఒక సంగతి అడగనివ్వండి. ఱను పిల్లలకు చూపించనే కూడదంటారా? మీ పిల్లలు పాత పద్యం చదవబోతే ఆ అక్షరం దగ్గర ఆగిపోవలసిందేనా?

సీమ_పల్లె
అలా అనలేదు. కన్నడిగులు ఱను నేటి వర్ణమాలలోంచి వదిలేసి 49 అక్షరాలు నేర్పుతున్నారు. పదో శతాబ్దపు పంపకవిని చదవవలసినవారు ఆ అక్షరాన్ని అప్పుడు నేర్చుకుంటారు, దానికి పది నిమిషాలు పడుతుంది. మన పాత శాసనాల్లో ఴ అనే అక్షరం ఉంది, "చోఴ" అన్న మాటలో కనిపిస్తుంది. అది మీ 56లో లేదు. అది లేనందుకు మీరెవరూ బాధపడడం లేదు, శాసనాలు చదివేవారు నేర్చుకుంటూనే ఉన్నారు. ఱను కూడా చదవడానికి నేర్పండి. రాతలో రకూ ఱకూ తేడా చూసి మార్కు తీయకండి. దీనికి ఒప్పుకుంటారా?

పాత_పలక
చదవడానికి నేర్పాలి, రాయడంలో తప్పు పట్టకూడదు అంటే ఒప్పుకుంటాను. లెక్క మాత్రం 56.

సీమ_పల్లె
52. నా మటుకు అదీ ఎక్కువే.

అక్షరశిల్పి
తమిళులు 247 అంటారు. 12 అచ్చులు, 18 హల్లులు, వాటి కలయికలు 216, ఆయుధం అనే ప్రత్యేక అక్షరం ఒకటి. గుణింతాలను కూడా లెక్కపెట్టారు కనుక అంత వచ్చింది. ఏది లెక్కపెట్టాలో ముందు చెప్పకుండా ఎన్ని అని అడిగిన ప్రశ్నే సరిగా లేదు. ఆ జవాబుల పత్రం తయారుచేసినవారికి నేను చెప్పగలిగేది అంతే.

వెన్నెల_తల్లి
అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను మా అమ్మాయి కూడా చదివింది. సీమ_పల్లె గారి టపా దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత మాస్టారు మొదట రాసిన లెక్కను ఒక కాగితం మీద వేసుకుని మళ్లీ పటం దగ్గరికి వెళ్లింది.

అప్పుడు ఒక విషయం బయటపడింది. మా పటంలో ఱ ఉంది. అరసున్న లేదు. హల్లుల వరుసలో క్ష ఉంది. అంటే 14 అచ్చులు, అం అః రెండు, ళ క్ష ఱలతో కలిపి హల్లులు 36, మొత్తం 52. మాస్టారు చెప్పిన 56లోంచి నాలుగు తీసేస్తే వచ్చే 52 వేరు, మా గోడ మీద ఉన్న 52 వేరు. "అమ్మా, క్ష అంటే క కింద ష కదా, దాన్ని అక్షరంగా లెక్కపెడితే త్ర, జ్ఞ ఎందుకు లేవు?" అని అడుగుతోంది.

నిర్వాహకులకు ఉత్తరం తనే రాస్తానంటోంది. మార్కు ఇవ్వమని అడగనంది, ప్రశ్న మార్చమని అడుగుతుందట. క్ష గురించి ఏం రాయాలో మాస్టారు ఒక్క మాట చెబితే ఈ రాత్రికే పూర్తి చేస్తుంది.

పాత_పలక
అది సంయుక్తాక్షరం తల్లీ, వర్ణాల లెక్కలో చేర్చనవసరం లేదు. అలాగే రాయి. ఉత్తరంలో ఎక్కడైనా ర, ఱ తేడా వస్తే మాత్రం నీకు అలవాటైనట్టే రాయి.