అప్‌డేట్: తాడ్వాయి ఒర్రె ఫొటోలు ఈసారి కుదిరాయి

తాడ్వాయి గుట్టల కింద ఒర్రెను ఫొటో తీస్తే నీళ్లు తెల్లటి మచ్చలా వస్తున్నాయని పోయిన నెల అడిగాను కదా. ఎండలో తీయొద్దు, పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే, మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టు అన్నారు. ఆదివారం ముసురు పట్టింది, పొద్దున్నే వెళ్లాను. కెమెరా ట్రైపాడ్ మీద, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/11. పోలరైజర్ రింగును మెల్లగా తిప్పుతుంటే తడి బండల మీది మెరుపు పోయి, నీళ్ల అడుగున గులకరాళ్లు, నాచు పచ్చదనం బయటపడ్డాయి. ఎంత సంబరమేసిందో! షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఉంచితే మాత్రం నీళ్లు పాలు పోసినట్టయ్యాయి, పారుతున్నట్టే లేదు. నాకు పావు సెకనే నచ్చింది.

పైన గుట్టల్లో వాన పడితే ఒర్రె ఉన్నట్టుండి పొంగుతుంది. అందుకే నీళ్లు ఎర్రబడగానే సామాను తీసుకుని గట్టెక్కాను. సలహా ఇచ్చిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్. ధార సన్నబడేలోపు మళ్లీ వెళ్తాను.